గడప దాటి వెళ్ళు దాసోహము

ఆకలిగొన్నవాడు మఠమునకు వచ్చినచో అన్నము పెట్టుట దాసోహమని అందరును ఎరుగుదురు. కాని ప్రాణము తీసికొనబోయి, బ్రదికి, ఇల్లు చేరినవాడు పంక్తికి రాడు. సిగ్గు అతనిని గదిలో బంధించును. బంధువులు పరువునకు వెరచి తలుపు మూయుదురు. ఇరుగుపొరుగువారు ఏమి పలుకవలెనో తెలియక తప్పుకొందురు. అట్టివాని యెడల శరణధర్మమేది?

ప్రాణత్యాగమునకు పూనుట పాపము గదా, ఆదరించినచో ఆ పాపమును సమర్థించినట్లు కాదా యని కొందరు శంకింతురు. దేహము ఇష్టలింగమునకు ఆలయమని నమ్మువారికి సమాధానము దూరమున లేదు. బీటలు వారిన ఆలయమును దూషించువాడు భక్తుడు కాడు. దానిని నిలబెట్టువాడే భక్తుడు. బసవేశ్వరుడు దయను ధర్మమునకు పునాదిగా నిలిపెను.

చట్టము సైతము ఈ దారికే వచ్చినది. 1860 నాటి శిక్షాస్మృతి ఇట్టి యత్నమును నేరముగా ఎంచెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టివారు తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారని భావించి, వారికి సంరక్షణ, చికిత్స, పునరావాసము కల్పించు బాధ్యతను ప్రభుత్వముపై ఉంచినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షను లేదు.

పలకరింపు ప్రాణము నిలుపునా? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు దేశములందలి ఐదు చోట్ల 1,867 మందిని పరిశీలించెను. 2008లో ఫలితములు వెలువడెను. కొందరికి మామూలు చికిత్స మాత్రమే లభించెను. తక్కినవారితో దానికి తోడు ఒక గంట మాటాడి, పిమ్మట 18 నెలలలో 9 మారులు ఫోనులోనో, ఇంటికి పోయియో క్షేమమరసిరి. ఆత్మహత్యా మరణములు మొదటి వర్గమున నూటికి 2.2, రెండవ వర్గమున 0.2 మాత్రమే.

జంగమ శబ్దమునకు చలించునది యని అర్థము. కావున కదలవలసినవాడు దుఃఖితుడు కాడు, మనమే. ఆసుపత్రి విడిచిన తొలి వారములు మిక్కిలి ప్రమాదకరములు; ఆలస్యము తగదు. "ఎందుకిట్లు చేసితివి?" యని నిలదీయరాదు. నిద్ర పట్టినదా, భోజనమైనదా యని అడుగవలెను. చావు తలపు మరల వచ్చుచున్నదా యని సూటిగా అడుగుట కీడు కాదు. వచ్చుచున్నదన్నచో ఒంటరిగా విడువక, హాని కలిగించు వస్తువులను దూరము చేసి, వైద్యునికడకు తోడు పోవలెను. 14416 నంబరున టెలి మానస్ వారి సహాయము ఉచితముగా లభించును. విన్న మాటను వీధిలో చెప్పరాదు. ప్రాణాపాయమున్నచో మాత్రము దాచరాదు.

ఆమెయైనను, అతడైనను, మరల తన కాయకమునకు చేయి చాచువరకు ఈ దాసోహము ముగియదు. తొమ్మిది మారులు పోయినను మాటాడనిచో, పదియవ మారును పోవలెను.