మరల పరుగెత్తుట

పరుగెత్తి పాలు త్రాగుట కంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దల మాట. బరంపురములో మూడు తరములుగా కాపురమున్న మా యింట ఈ సామెత వినని దినము లేదు. పాఠశాల మైదానములో అందరికంటె ముందు పరుగెత్తిన మేము, గుమాస్తా కొలువు దొరకిన పిమ్మట ముప్పదియేండ్లకు పైగా నీళ్లు త్రాగుచు నిలుచుంటిమి, కాదు, కూర్చుంటిమి. ఎప్పుడైన పరుగెత్తితిమన్నచో అది ఉదయపు బస్సు కొరకే.

అరువది రెండవ యేట, గోపాలపూర్ సముద్రతీరమున, మనుమరాలి గొడుగు గాలికి ఎగిరిపోగా దానివెంట నలువది అడుగులు పరుగుపెట్టితిమి. గొడుగు చిక్కలేదు. కాని ఆ నలువది అడుగులలో, ఏనాడో పోగొట్టుకొన్న వస్తువు చేతికి తగిలినట్లయినది. మరునాడే తెల్లవారుజామున వీధిలోనికి వచ్చితిమి.

ఆరవ విద్యుత్ స్తంభము చేరులోపల ఆయాసముతో నిలిచిపోతిమి. దేహమునకు మా వయసు చక్కగా తెలిసియున్నది, తెలియనిది మనస్సునకే. అది ఇంకను పదునేడేండ్ల బాలుని వేగమునే కోరుచుండెను. కొన్ని వారములలో ఊపిరి కొంత కుదుటపడగా దానిని నమ్మి దూరము పెంచితిమి. మూడవ వారాంతమున మడమ వెనుక నొప్పి పట్టుకొన్నది. గుండె, ఊపిరి త్వరగా అలవాటు పడునుగాని, కండరమును ఎముకతో కట్టియుంచు స్నాయువులు బలపడుటకు నెలలు పట్టునని వైద్యుడు చెప్పినాడు. కొంతసేపు నడచి, కొంతసేపు పరుగెత్తి, మరల నడువుమన్నాడు. చంటిబిడ్డకు చెప్పినట్లుండెను. సిగ్గుపడియే పాటించితిమి. (కొలువులో ఇంగ్లీషు, ఒడియా వ్రాసి వ్రాసి, ఇప్పుడు తెలుగు వ్రాయ కూర్చున్నప్పుడును మాకిట్లే కొంత నడక, కొంత పరుగుగా ఉన్నది.)

ఇక్కడ మమ్ము వేధించిన ప్రశ్న యొకటి కలదు. ఆ పదునేడేండ్ల బాలునికి మేము లెక్క చెప్పవలసి యున్నామా? వాడు వేకువనే లేచి సాధన చేసినవాడు కాడు. వాని వేగము వానికి ఊరకే వచ్చినది, అడుగకయే పోయినది. నేడు మేము ఒక్కొక్క స్తంభమును లెక్కించి సంపాదించుకొనుచున్నది స్వల్పమే యైనను, సంపాదించుకొన్నది. అయినను మనస్సు వానినే గొప్పవాడనుచున్నది. ఈ అన్యాయము ఎందులకో నేటికిని మాకు బోధపడలేదు.

ఇంతకంటె గట్టి ప్రశ్న మా యింటి ఇల్లాలు అడిగినది. “ఏమండీ, ఈ వయసులో కాలు విరిగితే మంచం దగ్గర కూర్చునేది నేనే గదా?” నిజమే. ఈ దేహము మాది యొక్కరిదే యని చెప్పు హక్కు మాకు లేదు. కూర్చుండి చెడిన దేహమునకును చాకిరీ చేయవలసినది తానే యని బదులు చెప్పితిమి. తాను మారాడలేదు. కాని ఆ సమాధానము పరుగు మొదలిడిన పిమ్మట వెదకికొన్నది. ఆమె కొరకు మేము పరుగెత్తలేదు. మా సంతోషము కొరకే పరుగెత్తితిమి. దానికి పరోపకారపు రంగు పూయుట పరుగుకంటె పెద్ద తప్పు.

పంజాబులోని జలంధరు ప్రాంతమునుండి ఇంగ్లండు చేరిన ఫౌజాసింగ్ కథ చాలమంది యెరిగినదే. కుమారుని మరణదుఃఖముతో క్రుంగియుండి, ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట ఆయన పరుగును ఆశ్రయించెను. 2000లో లండను మారథాను పరుగెత్తెను. 2011లో టొరంటోలో, నూరేండ్ల వయసున, ఎనిమిది గంటలకు పైగా శ్రమించి 42 కిలోమీటర్ల పై చిల్లర దూరమును ముగించెను. జనన ధ్రువపత్రము లేనందున గిన్నిసు పుస్తకమువారు దానిని నమోదు చేయలేదు. జీవితమంతయు దస్త్రముల నడుమ గడపిన మేము పుస్తకమువారిని తప్పుపట్టజాలము. కాగితము లేక నమోదు చేసినచో అది పుస్తకమే కాదు. అయినను ఆ ఎనిమిది గంటలు ఏ కాగితముమీదను ఆధారపడియుండలేదు. 2025 జూలైలో స్వగ్రామము చెంత నడచుచుండగా వాహనము ఢీకొని ఆయన మరణించెనని చదివిననాడు మేము పరుగునకు పోలేదు. మరునాడు పోతిమి.

పాలు లేని పరుగు వ్యర్థమని సామెత అనలేదని ఇప్పుడు తోచుచున్నది. పాలకొరకై పరుగెత్తువానికే అది హెచ్చరిక. మాకు పాలు అక్కరలేదని చెప్పుదుముగాని, చొక్కా జేబులో చిన్న పుస్తకము పెట్టుకొని ఏ దినము ఎన్ని నిమిషములో వ్రాసికొనుచునే యున్నాము. గుమాస్తా బుద్ధి యెక్కడికి పోవును?

మొన్న ఉదయమున మలుపువద్ద పొరుగింటి కుఱ్ఱవాడు, “తాతగారూ, మిమ్మల్ని ఎవరు తరుముతున్నారు?” అని కేక వేసెను. నిలిచి సమాధానము చెప్పవలెననుకొంటిమి. అప్పటికే ఊపిరియు అడుగును ఒక పొందికకు వచ్చియుండెను. చేయి ఊపి సాగిపోతిమి.