నక్షత్రపు గుర్తుతో రాసిన తత్త్వవేత్త

తండ్రి దగ్గరే పసితనంలో లాటిన్ నేర్చిన మార్గరెట్ ఫుల్లర్ (1810–1850) జీవితాన్ని, బాస్టన్‌లో తత్త్వచర్చ చేసిన విదుషిగా ఒక భాగం, న్యూయార్క్‌లో పత్రికకు రాసిన విలేఖరిగా మరొక భాగం అని విడదీయడం సులువే గాని, ఆ విభజన ఆమె ఆలోచన నడిచిన తీరును మరుగుపరుస్తుంది.

ఇంద్రియానుభవానికీ, మతసంస్థల ప్రమాణాలకూ మించి సత్యాన్ని ప్రతి మనిషీ తన అంతరంగంలో నేరుగా గ్రహించగలడని నమ్మిన న్యూ ఇంగ్లండ్ రచయితల ధోరణిని అతీతవాదం అంటారు. ఆ బృందం 1840లో ప్రారంభించిన 'ది డయల్' పత్రికకు తొలి సంపాదకురాలు ఫుల్లరే. అంతకు ముందు ఏడాది నుంచే బాస్టన్‌లో స్త్రీల కోసం ఆమె నడుపుతూ వచ్చిన సంభాషణల ఉద్దేశం, చదివింది అప్పజెప్పడంతో ఆగక సొంత ఆలోచనను మాటల్లో పెట్టడం వారికి అలవాటు చేయడం. అయితే ఆత్మవికాసమే మనిషి ధర్మమన్న సిద్ధాంతం తీరిక, పుస్తకాలు, నిలువనీడ ఉన్నవారికే వర్తించేదైతే, దానిని సర్వమానవ ధర్మమనడం ఎలా?

ఈ చిక్కును ఆమె తర్కంతో విప్పబోలేదు. డయల్‌లో 1843లో అచ్చయిన తన వ్యాసాన్ని పుస్తకంగా పెంచుతున్న 1844 శరత్కాలంలో సింగ్ సింగ్ జైలుకు వెళ్లి, వ్యభిచార వృత్తిలో పడినవారు ఎందరో ఉన్న ఖైదీ స్త్రీలతో మాట్లాడింది. 1845లో వెలువడిన 'పంతొమ్మిదవ శతాబ్దంలో స్త్రీ'లో వారి ప్రస్తావనతో పాటు, వారి పతనంలో సంపన్న గృహిణుల బాధ్యత ఎంతన్న ప్రశ్న కూడా చేరింది. ఒక సిద్ధాంతం తన హద్దును తానే గుర్తించి విస్తరించడం ఇంత స్పష్టంగా కనిపించే పుస్తకాలు అరుదు. అప్పటికే ఆమె హొరేస్ గ్రీలీ నడిపే 'న్యూయార్క్ ట్రిబ్యూన్'లో చేరి, పేరుకు బదులు నక్షత్రపు గుర్తు పెట్టి, పుస్తక సమీక్షలతో పాటు జైళ్లు, పిచ్చాసుపత్రుల గురించీ రాయసాగింది. అతీతవాద బృందంలోని మిత్రుడు ఎమర్సన్‌కు ఈ దినపత్రిక చాకిరీ ఆమె ప్రతిభకు తగనిదిగా తోచింది. ఇక్కడ ఎమర్సన్ పొరబడ్డాడనే అనాలి.

1849లో ఫ్రెంచి సేనలు రోమ్ గణతంత్రాన్ని ముట్టడించినప్పుడు, పత్రిక తరఫున యూరప్ వెళ్లి అక్కడే ఉన్న ఆమె ట్రిబ్యూన్‌కు లేఖలు రాస్తూనే, టైబర్ నదిలోని ద్వీపంలో క్షతగాత్రుల ఆసుపత్రి బాధ్యత వహించింది. మరుసటి ఏడాది అమెరికాకు తిరుగు ప్రయాణంలో, న్యూయార్క్ సమీపాన ఓడ మునిగి, సహచరుడు ఓసోలీతో, పసిబిడ్డతో సహా మరణించింది. రోమ్ విప్లవంపై ఆమె రాసిన చరిత్ర రాతప్రతీ దొరకలేదు. ఎమర్సన్, మరి ఇద్దరు మిత్రులు 1852లో ఆమె స్మృతి సంపుటాలు తెచ్చినప్పుడు, ఉత్తరాలను కత్తిరించి, కొన్నిచోట్ల మాటలు మార్చి, ఆమె స్వభావాన్ని తూచడంలో చూపిన శ్రద్ధను పత్రికా రచనలపై చూపలేదు. చాలాకాలం పాఠకులు ఎరిగినది ఆ సంపుటాలలోని ఫుల్లర్‌నే.