ఉన్నమాటంటే ఉలుకెందుకు?

మా అక్క కూతురు ఈమధ్య మా ఊరొచ్చింది, ఇళ్ళు వెతుక్కోవడానికి. అద్దె ఇళ్ళు కావు. పెళ్ళి సంబంధాలు అంతకంటే కావు. నీళ్ళు, కరెంటు, తిండి, ఈ మూడూ ఒక సంసారంలో రోజుకెంత ఖర్చవుతాయో వారం రోజులపాటు రాసిపెట్టే ఇళ్ళు కావాలిట. యూనివర్సిటీలో ఆ పిల్ల చేస్తున్న పరిశోధన అది.

"మీ అపార్టుమెంట్లో ఒక పది ఇళ్ళు ఇప్పించు పిన్నీ. నవలలు రాస్తావు కదా, నీ మాటంటే అందరికీ గురి" అంది.

పది ఇళ్ళేం భాగ్యం, ఇరవై ఇప్పిస్తానన్నాను. ఇన్నేళ్ళుగా సంసారాల గురించి కథలల్లుతున్నదాన్నే గానీ, నిజం సంసారం గడప దాటి లోపలికి వెళ్ళడం ఎంత కష్టమో నాకప్పటికి తెలియదు.

మొదటి తలుపు తీసినావిడ నవ్వుతూ లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, "మా వారినడిగి చెబుతాను" అంది. ఆ వారు ఏమన్నారో ఇప్పటికీ తెలియలేదు. రెండో ఇంట్లో రిటైరైన పెద్దమనిషి తలుపు సగమే తీసి, "ఏ డిపార్టుమెంటమ్మా? ఇదంతా బిల్లు పెంచడానికేగా?" అన్నారు. మూడో ఇంటావిడ మాత్రం వెంటనే ఒప్పుకుంది. "మా ఇంట్లో వృథా అన్నమాటే లేదు, రాసుకో అమ్మాయ్" అంది. అలా కాదండీ, వారం రోజులు మీరే రాయాలి అంటే, "రాయడానికేముంది, చెప్పానుగా!" అంది. నాలుగో ఇంట్లో కొత్తగా పెళ్ళయిన జంట. ఇద్దరూ ఉద్యోగస్తులు. "మా ఇంట్లో వంటే లేదాంటీ, ఫోన్లో తెప్పించుకుంటాం. మా దగ్గరేం కొలుస్తారు?" అని ఆశ్చర్యపోయారు. చెప్పొద్దూ, మా పిల్లకి అసలు కావలసిన ఇల్లు అదేట!

"ఒప్పుకున్నవాళ్ళవే రాసుకుంటే ఎలా పిన్నీ? పొదుపు చేసేవాళ్ళు సంతోషంగా ఒప్పుకుంటారు. దుబారా చేసేవాళ్ళు తలుపే తియ్యరు. చివరికి ఊరంతా పొదుపుగా ఉందని నా పుస్తకంలో తేలుతుంది" అంది లిఫ్టు దగ్గర నిలబడి, నీరసంగా.

ఇంటి గుట్టు లంకకు చేటని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్ళం. చెయ్యి తడిస్తే కడుక్కోవచ్చు గానీ గుట్టు బయటపడితే ఏం చేస్తాం అనుకుంటాం. అలాగని లెక్కలవాళ్ళు మన ఇళ్ళల్లోకి రావడం కొత్తేమీ కాదు. జాతీయ నమూనా సర్వే 1950లోనే మహలనోబిస్ గారి చొరవతో మొదలయింది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972 నుంచి చాలా ఏళ్ళపాటు ఊరూరా తిండి సర్వేలు జరిగాయి. కొలత గిన్నెలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, నిన్న ఏం వండావమ్మా, ఎవరెవరికి ఎంత పెట్టావు అని అడిగేవారు. అంతెందుకు, 2023-24లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కుటుంబ ఖర్చుల సర్వేలో 2 లక్షల 60 వేల పైచిలుకు ఇళ్ళవాళ్ళు జవాబులు చెప్పారు. పల్లెల్లో ఇంటి ఖర్చులో తిండికి 47 శాతం, పట్టణాల్లో 40 శాతం పోతోందని అందులో తేలింది. పేపర్లో ఆ అంకె చదివి మనం పేజీ తిప్పేస్తాం. ఆ అంకె వెనకాల ఎక్కడో ఒక ఇల్లాలు పొంగబోతున్న పాలు చూసుకుంటూ, గుమ్మంలో నిలబడి జవాబు చెప్పి ఉంటుందని మనకు తోచదు.

సరే, ఎవరూ దొరక్కపోతే మొదటి ఇల్లు మాదే అన్నాను. సంతకం చెయ్యవలసిన కాగితం బల్లమీద పెట్టగానే మా వారు జేబులోంచి కలం తీశారు. ఇంటికి సంబంధించిన సంతకం కదా! మా పిల్ల కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టి, "బాబాయ్, మీ ఇంట్లో గ్యాసు బండ ఎన్నాళ్ళొస్తుంది?" అని అడిగింది.

"బుక్ చేస్తే వస్తుంది" అన్నారాయన.

కలం నా చేతికొచ్చింది. మా వారిని వేళాకోళం చెయ్యడానికి చెప్పడం లేదు సుమా. మన దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు వాటితో గడుపుతుంటే, అవే పనులు చేసే మగవాళ్ళు 97 నిమిషాలు గడుపుతున్నారు. ఐదు గంటలు ఇంటితో గడిపేవారికి ఇంటి లెక్క తెలియడంలో వింతేముంది? ఆ కాగితంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు అని. కారణం చెప్పకుండా ఏదైనా మానేసే స్వాతంత్ర్యం ఇల్లాలికి ఇంకెక్కడుంది చెప్పండి!

ఆ రాత్రి పిల్ల మూడు లెక్కలూ ఒకటే పుస్తకంలో ఎందుకు రాయాలో చెప్పింది. కిలో బియ్యం పండటానికి సగటున 2,500 లీటర్ల నీళ్ళు కావాలిట. పొలానికి నీళ్ళు తోడేది కరెంటు మోటారు. మా కుళాయిలో నీళ్ళు మాత్రం? కృష్ణ నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోస్తే హైదరాబాదు వస్తున్నాయి. రెండు వేల వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్ కరెంటు అయిపోతుంది. "నువ్వు కంచంలో వదిలేసిన ముద్దలో నీళ్ళున్నాయి, కరెంటుంది, గ్యాసుంది పిన్నీ. వేరువేరుగా కొలిస్తే అది కనపడదు" అంది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని మా అమ్మమ్మ అనేది. ఈ పిల్ల అదే మాట యూనిట్లలో చెబుతోందనిపించింది.

రాయడం మొదలుపెట్టాను. రెండు రోజులు మహా ఉత్సాహంగా గడిచాయి. అదేమిటో గానీ, పుస్తకం ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ మా ఇల్లు మారిపోయింది. గీజరు పావుగంటకే ఆరిపోతోంది. కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకు పోతున్నాయి. అన్నం కొలిచినట్టు సరిపోతోంది. అమెరికాలో షికాగో దగ్గర హాథార్న్ అనే చోట ఒక ఫ్యాక్టరీలో 1924లో పరిశోధనలు మొదలుపెట్టారు. దీపాల వెలుతురు పెంచినా తగ్గించినా పనివాళ్ళు ఎక్కువ పని చేశారనీ, తమను ఎవరో గమనిస్తున్నారని తెలియడమే అందుకు కారణమనీ చెప్పుకున్నారు. ఆ పాత లెక్కల్ని తిరగేసినవాళ్ళు తర్వాత, మరీ అంత లేదులెమ్మన్నారు. షికాగో సంగతి నాకెందుకు గానీ, మా వంటింటి విషయంలో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం.

బుధవారం వచ్చింది. ఆదివారం చుట్టాలొస్తారని పెద్ద గిన్నెడు సాంబారు పెట్టాను. ఆరుగురు వస్తారనుకుంటే ముగ్గురే వచ్చారు. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, సోమవారం వేడిచేశాను, మంగళవారం మర్చిపోయాను. బుధవారం మూత తీసేసరికి వాసనొచ్చింది. ఎవరూ చూడకుండా సింకులో ఒంపేసి, కుళాయి తిప్పేశాను. చేతులు తుడుచుకుని పుస్తకం తీశాను. "పారేసినది" అన్న గడిలో "ఏమీ లేదు" అని రాశాను.

ఎవరికోసం ఆ అబద్ధం? పిల్ల నన్ను తిట్టదు. పుస్తకంలో నా పేరు కూడా ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. నన్నెవరూ గుర్తుపట్టని చోట కూడా నా పరువు నేను కాపాడుకున్నాను! ఆలోచిస్తే నవ్వొచ్చింది, తర్వాత కొంచెం బాధేసింది. ఇంట్లో ఏది పాడైనా, పొంగినా, మాడినా ఆ మచ్చ ఇల్లాలిదే అని మనకు ఎవరో ఎప్పుడో నేర్పేశారు. సాంబారు పెట్టింది నేనే కావచ్చు. రాని చుట్టాలు, మళ్ళీ సాంబారేనా అని ముఖం తిప్పుకున్న అబ్బాయి, ఫ్రిజ్ తలుపు రోజుకు పదిసార్లు తీసినా ఆ గిన్నె కనపడని మా వారు, వీళ్ళెవరూ ఆ గడిలో ఉండరు. అందుకే "ఏమీ లేదు".

పోనీ, నా ఒక్కదాని అబద్ధంతో ఏం మునిగిపోతుంది అనుకున్నాను. 2022లో ప్రపంచం మొత్తం మీద వృథా అయిన 105 కోట్ల టన్నుల ఆహారంలో 60 శాతం ఇళ్ళల్లోనే పోయిందని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ లెక్కవేసింది. హోటళ్ళూ పెళ్ళిళ్ళూ ఆ తర్వాతే. ఆ 60 శాతంలో నాలాంటి సాంబారు గిన్నెలెన్నో! అందరం "ఏమీ లేదు" అని రాస్తే ఆ అంకె తగ్గుతుంది, సాంబారు మాత్రం సింకులోకే పోతుంది.

మర్నాడు మా పనమ్మాయి గిన్నెలు తోముతూ ఆ పుస్తకం చూసి, ఏందమ్మా రోజూ రాస్తున్నవ్ అని అడిగింది. చెప్పాను. చేతులాపి నవ్వింది.

"మమ్మల్నడిగితే నోటితోనే చెప్తం గదమ్మా. మా గల్లీల రెండు దినాలకొక్కసారి నల్లా వస్తది. ఒక డ్రమ్ము, పది బిందెలు. గంతే."

ఇంట్లో ఐదుగురు. డ్రమ్ము రెండు వందల లీటర్లు, బిందె పదిహేను లీటర్లు అనుకున్నా రెండు రోజులకు 350. అంటే మనిషికి రోజుకు 35 లీటర్లు. పట్టణాల్లో మనిషికి 135 లీటర్లుండాలని ప్రభుత్వ ప్రమాణం. మా ముగ్గురికీ నా పుస్తకం ప్రకారం రోజుకు ఆరు వందలు దాటుతోంది, అదీ కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకు పోసిన వారంలో! బకెట్లు లెక్కపెట్టుకుంటూ, మిషను మీద రాసింది చదువుకుంటూ నాలుగు రోజులు కిందా మీదా పడి నేను తేల్చిన లెక్క ఆమె గిన్నె తోముతూ చెప్పేసింది. కరువున్న చోట లెక్క నోట్లో ఉంటుంది. పుస్తకం అవసరమయ్యేది లెక్కలేకుండా వాడుకునేవాళ్ళకే.

ఇంకో సంగతి కూడా తట్టింది. మా ఇంట్లో గిన్నెల నీళ్ళు వాడేది ఆమె. ఆ నీళ్ళు నా పుస్తకంలో ఉన్నాయి. ఆమె లేదు. సంతకం ఎవరు చెయ్యాలని మేమిద్దరం పోటీపడ్డాం గానీ, ఆమెనడగాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఆ సాయంత్రం పిల్లతో సాంబారు సంగతీ, బిందెల సంగతీ రెండూ చెప్పేశాను. సాంబారుకి అది నవ్వలేదు. "నాకు మంచి ఇల్లెందుకు పిన్నీ? ఉన్న ఇల్లు కావాలి" అంది. "నువ్వు ఏమీ లేదని రాస్తే, దుబారా లేని ఇళ్ళవి అని నేను రాస్తాను. అది చదివినవాళ్ళు నీళ్ళు పొదుపు చెయ్యమని ఎవరికి చెబుతారు? బిందెలు మోసేవాళ్ళకే."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. నాకు ఉలుకు పుట్టింది అప్పుడే. నా పరువు కోసం రాసిన రెండు మాటల బరువు మోసేది నేను కాదన్నమాట!

మరునాడు ఇద్దరం పనమ్మాయి ఇంటికి వెళ్ళాం. ఆమె కూర్చోమని పీట వేసి, ముందే అడిగేసింది. "నీకు చెప్తే నల్లా రోజూ వస్తదా బిడ్డా?"

పిల్ల ముఖం చిన్నబోయింది. "రాదమ్మా. వస్తుందని నేను చెప్పలేను" అంది. ఆమాట అనడానికి ఆ వయసులో ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఇక లేచి వచ్చేద్దామనుకున్నాను.

"సరే, రాసుకో" అంది ఆమె. "అబద్ధం చెప్పలే గదా నువ్వు."

ఆ మాట ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు. అడగడానికి వచ్చినవాళ్ళని కాదనడం తప్పని నేననను. ఇల్లు మనది, తలుపు మనది, తియ్యకపోయే హక్కూ మనదే. కాదన్న రిటైరైన పెద్దమనిషి నాకంటే నిజాయితీపరుడేనేమో! కానీ తలుపు తీసి, కాఫీ ఇచ్చి, సంతకం పెట్టి, ఆ తర్వాత లేని ఇంటిని చూపించి పంపడం ఏం మర్యాద? అడిగేవాళ్ళు లేని ఆశ పెట్టకూడదు, చెప్పేవాళ్ళు లేని గొప్ప చెప్పకూడదు. మా పనమ్మాయీ, మా పిల్లా మాట్లాడుకున్న ఆ రెండు ముక్కల్లో ఈ ధర్మం మొత్తం ఉంది. డిగ్రీలో నేను తత్వశాస్త్రం ఒక పేపరు చదివాను గానీ, ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.

మీ ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు చేతిలో కాగితాలతో ఒక అమ్మాయి రావచ్చు. ఇష్టం లేకపోతే వద్దనండి, ఏమీ అనుకోదు. ఒప్పుకుంటే మాత్రం ఆ వారం ఇల్లు సర్దకండి.

నేను ఆ రాత్రి పుస్తకం తీసి, బుధవారం గడిలో "ఏమీ లేదు" కొట్టేసి, "సాంబారు, సుమారు లీటరు. సింకులో" అని రాశాను. మా వారు భుజం మీదుగా చూసి, "అదేమిటి, ఆదివారం నాటిదా? నాకు చెబితే తినేవాణ్ణిగా!" అన్నారు.

ఆ మాట రాసుకోవడానికి పుస్తకంలో గడి లేదు.