విద్యాపీఠము తన గ్రంథములను తానే పొగడవచ్చునా?

వర్తకుఁడు తన సరకును మెచ్చుకొనుట లోకసహజము. వినువాఁడును అందులోఁ గొంత తగ్గించుకొనియే వినును; కాఁబట్టి దానివలనఁ గలుగు మోసము స్వల్పము. విశ్వవిద్యాలయ మట్టిది కాదు. విద్యార్థి వ్రాసినదానిలోని గుణదోషములను నిర్ణయించి పట్టమిచ్చుట దాని వృత్తి. అందువలన దాని మాటను లోకము న్యాయాధిపతి మాటవలె తగ్గింపు లేకుండ స్వీకరించును. అట్టి సంస్థ తాను ముద్రించిన పుస్తకమును, తన యాచార్యుఁడే రచించినదానిని, అపూర్వమనియు అనన్యసామాన్యమనియు చాటినచో అది తీర్పా, బేరమా? చదువరి దాని నెట్లు తెలిసికొనవలెను?

కొందఱు పెద్దలు ఈ చిక్కునకు సులభమైన మార్గము చూపుదురు. మంచి పుస్తకమునకు చాటింపు అక్కఱలేదనియు, కస్తూరి తన వాసనచేతనే తెలియుననియు వారి మతము. ఈ మాట చెవికింపుగా నున్నది. కాని విచారించిన నిలువదు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి రెడ్డిరాజ్యముల చరిత్రమును ఆంధ్ర విశ్వవిద్యాలయము 1948లో వాల్తేరునుండి ప్రకటించెను. ఇంచుమించు 1325 మొదలు 1448 వఱకు జరిగిన వృత్తాంతమది. అద్దంకి, కొండవీడు, మోటుపల్లి రేవు అందలి ముఖ్యస్థలములు. గ్రంథము ఇంగ్లీషు భాషలో నున్నది. రేపల్లె చెంత కృష్ణయొడ్డున నున్న పెనుమూడి చాలకాలము గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. మోటుపల్లియు నేఁడు ఆ జిల్లాలోనిదే. తన సీమ చరిత్రము ఇంత శ్రమతో వ్రాయఁబడి యున్నదని పెనుమూడి గృహస్థునకు కస్తూరి వాసన చెప్పునా? 1926లో శాసనమూలమున నేర్పడిన ఆ విద్యాపీఠమును పోషించిన ప్రజాధనములో అతని తాతలు చెల్లించిన పన్నును గలదు. అతనికిఁ దెలియకుండ గిడ్డంగిలోఁ బడియున్న పుస్తకము వినయమునకు గుర్తు కాదు; తీర్పని ఋణము. పులిగడ్డకును పెనుమూడికిని నడుమ కృష్ణపై వంతెన కట్టినవారు, అవసరమున్నవారే యీఁదుకొని వత్తురులే యని యూరకుండలేదు గదా!

మన దేశమున ఈ ధర్మము నెఱిఁగినవారు లేకపోలేదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రమును ప్రకృతిశాస్త్రములను తెలుగు చదువరుల చెంతకుఁ దెచ్చెను. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికచే తెనాలి ప్రాంతపు కాలువలో నడచు పడవలపై గ్రంథాలయము వెలసెను. పడవ మెల్లగా సాగుచుండఁగా ప్రయాణికుఁడు పుస్తకమును చేతఁబట్టి చదివెడువాఁడు. ఆ పుస్తకము మంచిదో చెడ్డదో అతఁడే తేల్చుకొనెను. చదువరిచేతికిఁ బుస్తకమందించుటయే ఆ మహనీయుల పని. అతని నోటిలో మెప్పుమాట పెట్టుట వారి పని కాదు.

కాఁబట్టి ప్రకటన వేఱు, ప్రశస్తి వేఱు. ఈ భేదము మనకుఁ గ్రొత్తది కాదు. మన శాసనములలో సాధారణముగా రెండు భాగము లుండును. మొదటిది రాజుయొక్క వంశమును పరాక్రమమును వర్ణించు ప్రశస్తి. రెండవది ఆయన చేసిన యేర్పాటు. 13వ శతాబ్దమున గణపతిదేవుఁడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనము సముద్రవర్తకులకు రక్షణ నొసఁగి, సుంకమును నిర్ణయించెను. 1358లో అనపోతరెడ్డియు ఆ రేవునకు వర్తకులను శాసనమూలమున నాహ్వానించెను. దూరదేశపు వర్తకుఁడు రాజు శౌర్యవర్ణనమును నమ్మి ఓడను రేవునకుఁ దెచ్చియుండునా? సుంకమెంత, రక్షణ యెట్టిది యను మాటలనే నమ్మి తెచ్చియుండును.

గ్రంథప్రకటనయు నట్లే యుండవలెను. పుస్తకము దేనినిగూర్చినది, ఎవరి కుద్దేశింపఁబడినది, దానిని చదువుటకు ముందుగా నేమి తెలిసియుండవలెను, అందుఁ గ్రొత్తగా నిరూపింపఁబడిన దేమి, ఇంకను సందేహముగా మిగిలినదేమి, వెల యెంత, ఎక్కడ దొరకును—ఇవి చెప్పుట విద్యాపీఠమునకు విధి. మాదిరికి ఒక ప్రకరణమును ఉచితముగా నిచ్చినచో మఱియు మేలు. నేఁడు చేతిలోని ఫోనునకు వార్త క్షణములోఁ జేరుచుండఁగా దీనికి వ్యయమను సాకు చెల్లదు. గ్రంథకర్తను ఊరూరికిఁ బంపుటయు మంచిదే. కాని శాలువ కప్పి పంపివేయు సభకుఁ గాక, చదివినవారు ప్రశ్నింపఁగా బదులు చెప్పవలసిన సభకుఁ బంపవలెను. ఒకరు తప్పు చూపినచో ఆ తప్పును తరువాతి ముద్రణములో దిద్దుట వేయి పొగడ్తలకంటె గొప్ప ప్రచారము.

ఇంత నిగ్రహముతో నున్న పుస్తకము లమ్ముడుపోవునా యని ముద్రాలయాధికారి యడుగును. న్యాయమైన ప్రశ్నయే. పొగడ్త మొదటి పుస్తకమును తప్పక అమ్మును. అది చదివి నిరాశపడినవాఁడు రెండవ ప్రకటనను చదువఁడు. ఆ రెండవది నిజముగా అపూర్వగ్రంథమే కావచ్చును. దానిని చెప్పుటకు విద్యాపీఠమునకు మాట మిగిలియుండదు, ఆ మాటను అంతకుమున్నే సామాన్యగ్రంథమునకు ఖర్చుచేసియున్నది. ఈ నష్టము నెక్కువగా ననుభవించువాఁడు పదవియు పలుకుబడియు లేని యువరచయిత. పెద్దపదవియందున్నవాని పుస్తకము పొగడ్త లేకున్నను కొందఱిచేతికిఁ జేరును. ఇతని పుస్తకమునకు విద్యాపీఠము మాటపై లోకమునకుఁ గల నమ్మకమొక్కటియే దిక్కు.

ఆ నమ్మకము త్వరగా వచ్చునది కాదు. ఆక్స్‌ఫర్డు విద్యాపీఠ ముద్రాలయము తన మహానిఘంటువు మొదటి భాగమును 1884లో వెలువరించి, 1928లోఁ గాని ముగింపలేదు. నలువదినాలుగేండ్లు భాగము వెంట భాగము సరిచూచి ప్రకటించుటవలననే ఆ పేరు నిలిచినది.

చదువరులకును ఇందుఁ గర్తవ్యము కలదు. విద్యాపీఠములు మన సొమ్ముతో నేమేమి ముద్రించినవో మన గ్రామ గ్రంథాలయములు వ్రాసి యడుగవలెను, జాబితా తెప్పింపవలెను, తెచ్చిన పుస్తకమును చదివి మన యభిప్రాయమును, అది మెప్పైనను తప్పైనను, వారికిఁ దెలుపవలెను. అడుగువాఁడు లేని చోట విద్యాపీఠము మౌనముననైనఁ గూరుకొనును, ఆత్మస్తుతిలోనైనఁ బడును.