ఆధారం, ఆధేయం: పైలు పునాదిలో ఒక తాత్త్విక విచారణ

కట్టడాన్ని నేల మోస్తున్నదన్నప్పుడు ఆ మోసే శక్తి నేలదా, నేలలోకి దిగిన స్తంభానిదా, లేక ఆ రెంటి మధ్య ఏర్పడిన సంబంధానిదా అన్నది చిన్న ప్రశ్న కాదు. మోసేదాన్ని ఆధారమని, దానిపై ఉండేదాన్ని ఆధేయమని నైయాయికులు, అనగా న్యాయదర్శన పండితులు, విడదీశారు. సికింద్రాబాద్‌లో ఈ విభజన కళ్లముందే రుజువైనట్లుంటుంది. 1806లో సికందర్ జా పేరిట వెలసిన ఈ ఊరి కింద సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు పరుచుకొని ఉంది, మౌలాలి గుట్ట దగ్గర అది నేలను చీల్చుకొని పైకే వచ్చింది. అందుచేత ఇక్కడ పైలు, అనగా నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభం, అవసరమైనప్పుడు మొరం దాటించి రాతిలోకి తొలిచి నిలుపుతారు.

అన్నిటికీ అడుగున కదలని అధిష్ఠానం ఒకటి ఉండాలని కోరే బుద్ధికి ఇది ఎంతో ఇంపైన దృశ్యం. అయితే గ్రానైటు పగుళ్ల వెంబడి చివికి మొరంగా మారుతున్నప్పుడు మధ్యభాగం గుండ్రని బండగా మిగిలిపోవడం ఉంది. తొలిచే యంత్రానికి ఆ బండ తగిలినప్పుడు మూలశిల దొరికిందనుకోవడం, ఒకదాని ధర్మాన్ని మరొకదానిపై మోపే అధ్యాసకు అచ్చమైన ఉదాహరణ. రాయి తగిలాక కూడా ఇంకొంత లోతు తొలిచి చూసే జాగ్రత్త అందుకే పుట్టింది.

గోదావరి డెల్టా వంటి ఒండ్రు నేలల్లో రాయి కోసం వెదకడం వ్యర్థం. అటువంటి చోట ఇసుక వదులుగా ఉంటే దానికి అనువైన డిస్‌ప్లేస్‌మెంట్ పైలులో తిరిగే ఆగర్, అనగా మరలాంటి తొలిచే పరికరం, మట్టిని తవ్వి పైకి తీయదు, పక్కలకు నెట్టి బిగిస్తుంది. దాన్ని పైకి లాగుతూ బోలు కాడ గుండా ఒత్తిడితో కాంక్రీటు నింపుతారు, అది గట్టిపడకముందే కడ్డీలను రింగులతో కట్టిన కేజ్‌ను లోపలికి దించుతారు. స్తంభం చోటు చేసుకున్నందువల్ల నేల గట్టిపడింది, గట్టిపడిన నేల పట్టినందువల్ల స్తంభం నిలిచింది. ఒకదానికొకటి ఆనుకొని నిలిచే రెల్లుకట్టల ఉపమానంతో బౌద్ధ సూత్రాలు బోధించిన ప్రతీత్యసముత్పాదానికి, అంటే ఏదైనా మరొకదాన్ని ఆశ్రయించే పుడుతుందన్న సిద్ధాంతానికి, ఇంతకంటే దగ్గరి రూపం దొరకడం కష్టం. ఆ సిద్ధాంతం నుంచే నాగార్జునుడు, ఇతరాన్ని ఆశ్రయించని సొంత ఉనికి, అనగా స్వభావం, ఏ వస్తువుకూ లేదని నిగమించాడు.

ఇనుము లెక్క కూడా ఈ మాటే చెబుతుంది. గాలి, భూకంపం వంటి అడ్డపు తోపుల వల్ల పైలు వంగేది ముఖ్యంగా పైభాగంలోనే కాబట్టి కడ్డీల అవసరం అక్కడే హెచ్చు. పైకి పెకలించే బలం ఉన్నప్పుడు మాత్రం అవి అడుగుదాకా సాగాలి. భారత ప్రమాణం ఐఎస్ 2911 అడ్డుకోత వైశాల్యంలో కనీసం 0.4 శాతం నిలువు ఇనుము ఉండాలంటుంది గాని, అంతకుమించి ఎంత కావాలో స్తంభం ఒక్కటే నిర్ణయించలేదు, ఎందుకంటే పక్కనున్న మట్టి మెత్తనైనకొద్దీ అదే తోపుకు పైలు మరింత లోతుదాకా, మరింత ఎక్కువగా వంగుతుంది. నేలను పరీక్షించకుండా వేరొక చోటి కేజ్ కొలతలను తెచ్చి వాడటం లెక్కలో పొరపాటు మాత్రమే కాదు, బలం వస్తువులోనే ఉందన్న తాత్త్విక దోషం కూడా. సికింద్రాబాద్ రాతిలో నాటిన పైలునైనా అడుగురాయి ఒక్కటే మోయదు. తొలిచిన గుంత గోడలు కాంక్రీటును చుట్టూ పట్టుకొని బరువులో పాలు పంచుకుంటాయి.