ఆవలి ప్రక్కనుండి త్రవ్వుడి

ధ్యాన భాగములు: మత్తయి 5:23-24, మత్తయి 13:5-6, 20-21, 2 రాజులు 20:20



మా బోయినపల్లి ప్రాంతపు నేలను ఎరిగినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. పైన మూరెడు చెలక మన్ను, దాని క్రింద మొరము, ఆ క్రింద బండ. తొలకరి పడగానే గట్టుమీది పైరు అందరికంటె ముందు పచ్చబడును. చూచువాడు సంతోషించును. పది దినములు వాన తప్పినయెడల అందరికంటె ముందు ఎండునదియు అదే. మన ప్రభువు విత్తువాని ఉపమానము చెప్పినప్పుడు గలిలయ నేలను చూచి చెప్పెను గాని, మన రైతులకు దానిని విడమరచి చెప్పవలసిన పని లేదు. మన్ను పలుచన, వేరుకు చోటు లేదు, ఇంతే సంగతి.

బండలన్నియు ఒక్కటి కావు. నేలలో పరచినట్లుండునది పరుపు బండ. మొరములో ఒంటరిగా పూడుకొనియుండునది గుండు. మన తెలంగాణ రాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంత కఠినమైన రాతి పగుళ్లలోనికి నీరు దిగి, మూలలను కొంచెము కొంచెముగా మెత్తబరచి మొరము చేయును. నడుమ మిగిలినది గుండ్రని గుండగును. కాబట్టి గడపార తగులకముందే నీరు ఆ రాతియొద్ద పని చేసియున్నది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. మరల దీనియొద్దకు వచ్చెదము.

మన తండ్రుల కాలమున బావి త్రవ్వవలెనన్న గడపార, సమ్మెట, తట్ట, వడ్డెర సోదరుల చెమట ఉండెను. ఇప్పుడు ఆ పనికి పసుపు రంగు యంత్రము వచ్చుచున్నది. 1945లో ఇంగ్లాండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనునతడు చిన్న పనిశాల పెట్టెను. ఆయన పేరులోని మూడు అక్షరములే నేడు మన పల్లెలలో జేసీబీ అని పిలువబడుచున్నవి. ముందు తొట్టి, వెనుక త్రవ్వు చేయి గల ఆ ట్రాక్టరు చేయి ఎంత పొడవైనను, ముందుగా ఇరుప్రక్కల రెండు కాళ్లు నేలకు ఆనించి, వెనుక చక్రములను ఎత్తి నిలువనిదే త్రవ్వజాలదు. కాళ్లు ఊనక బండను లాగినయెడల బండ కదలదు, యంత్రమే కదలును.

గత వేసవిలో జరిగిన ఒక సంగతి వ్రాయుచున్నాము. సంబంధించిన సహోదరులిద్దరి సెలవు తీసికొనియే వ్రాయుచున్నాము. వారి పేర్లు అక్కరలేదు.

మా సంఘములో అన్నదమ్ములిద్దరు కలరు. తండ్రి పోయిన తరువాత పొలము పంచుకొనిరి. బావి అన్న పాలికి వచ్చెను, నీటిలో ఇద్దరికి సమభాగమని కాగితము వ్రాసికొనిరి. అయితే నీటి పైపు ఏ దారిని పోవలెనో వ్రాసికొనలేదు. తమ్ముడు అన్న పొలములోనుండి పైపు వేసికొందునన్నాడు, అన్న వలదన్నాడు. మాటకు మాట పెరిగెను. మూడు సంవత్సరములు ఒకరి గడప ఒకరు త్రొక్కలేదు. ఆదివారము ఇద్దరును గుడికి వచ్చుచుండిరి. ఒకరు ఈ గోడ ప్రక్క, ఒకరు ఆ గోడ ప్రక్క. ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దకు ఇద్దరును వచ్చుచుండిరి. మేము ఇద్దరికిని రొట్టె విరిచి ఇచ్చుచుంటిమి.

తుదకు తమ్ముడు, అన్న గట్టు ముట్టక తన అంచునే కాలువ తీయించి పైపు వేయనెంచి, గంటల లెక్కన యంత్రము తెప్పించెను. ఆ దినము మేము వేరొక పనిమీద పోవుచు అక్కడ ఆగితిమి. ప్రొద్దుటినుండి మధ్యాహ్నమువరకు యంత్రము ఒక్కచోటనే గీకుచుండెను. తొట్టి పండ్లు రెండు విరిగెను. గంటలు గడుచుచుండెను, అప్పు పెరుగుచుండెను. అప్పుడు యంత్రము నడుపు యువకుడు దిగి, గడపారతో అక్కడక్కడ పొడిచి, చప్పుడు విని యిట్లనెను:

“అయ్యగారూ, ఇది పరుపు బండ కాదు, గుండు. దీని ముఖం మన దిక్కున్నది. ఎంత గీకినా జారుతది. దీని వీపు గట్టు అవతల ఉన్నది, అక్కడంత మొరమే. ఆ దిక్కుకెళ్లి తవ్వి కింద పండ్లు పెడితే లేస్తది.”

అవతలి దిక్కు అన్న పొలము. తమ్ముడు తల వంచుకొని, “అట్లయితే పని ఆపు తమ్మీ” అనెను.

మేము అన్న యింటికి పోతిమి. ఆ సహోదరి మంచినీళ్లిచ్చెను. సంగతి చెప్పగా అన్న కొంతసేపు ఊరకుండి, మెల్లగా ఇట్లడిగెను: “మూడేండ్లల్ల మా ఇద్దరి కొరకు ఒక్కనాడు రాని అయ్యగారు, ఇయ్యాల బండ కొరకు వచ్చిండ్రా?”

ప్రియులారా, ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయెను. అతడు చెప్పినది నిజము. సెమినరీలో మేము వాక్యోపదేశము నేర్చుకొంటిమి. సమాధానమును గూర్చి అనేక పర్యాయములు ప్రసంగించితిమి. కాని ఆ ఇద్దరి నడుమ ఉన్న బండయొద్దకు పోలేదు. మెత్తని మన్నున్నచోటనే త్రవ్వుచు వచ్చితిమి. ఒకరిని నొప్పించినయెడల సంఘము చీలునేమో, కానుక తగ్గునేమో అను భయము మాలో ఉండెను. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి ముందుగా సహోదరునితో సమాధానపడుమని చెప్పిన ప్రభువు బల్లయొద్ద నిలిచి, అడుగవలసిన మాట అడుగక ఊరకుంటిమి. “తప్పు మాది, మమ్మును క్షమించుము” అని చెప్పితిమి. చెప్పుటకు వేరేమియు లేదు.

అతడేమియు పలుకలేదు. లేచి, గోడకు ఆనించియున్న గడపార తీసికొని మాతో వచ్చెను. తమ్మునితో మాటాడలేదు. గట్టుకు ఆవల ఒకచోట గడపార దింపి, ఆ యువకునితో, “ఇక్కడ తవ్వు. నాయిన ఒకప్పుడు ఇక్కడనే తవ్వి చూసిండు” అనెను. యంత్రము గట్టు దాటి, రెండు కాళ్లు ఊని, మొరము తీసి, గుండు వీపు క్రింద పండ్లు పెట్టెను. మధ్యాహ్నమువరకు కదలని బండ అరగంటలో పొర్లెను.

యెరూషలేములో హిజ్కియా రాజు త్రవ్వించిన నీటి కాలువను గూర్చి 2 రాజులు 20:20లో చదువుదుము. ఆ సొరంగము నేటికిని ఉన్నది. సుమారు 533 మీటర్ల పొడవు బండను తొలిచిరి. 1880లో దాని గోడమీద పాత హెబ్రీ అక్షరముల వ్రాత ఒకటి కనబడెను. రెండు గుంపులవారు రెండు కొనలనుండి త్రవ్వుచు రాగా, ఇంక మూడు మూరలు మిగిలియుండగానే ఒకరిని ఒకరు పిలుచుకొను స్వరము వినబడెనని అందులో ఉన్నది. అష్షూరు రాజు దండెత్తి వచ్చు కాలమది. ఒక్క ప్రక్కవారే త్రవ్వియుండినయెడల పనికి రెట్టింపు కాలము పట్టియుండును. ఇరుప్రక్కలవారును త్రవ్విరి గనుక పట్టణములోనికి నీరు వచ్చెను.

సహోదరులారా, మీరు మాటాడని ఇల్లు ఏది? ఎన్ని యేండ్లాయెను? మన మండలములోనే మాన్వాడయొద్ద మానేరు నదిపై 25 టి.ఎం.సీ.లకు మించిన నీరు పట్టు జలాశయము కట్టబడినది. దాని కొరకు కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి మొదలగు గ్రామములవారు తాము పుట్టిన ఇండ్లను, దున్నిన పొలములను విడిచిరి. ఇతరుల నీటి కొరకు ఊళ్లకు ఊళ్లే విడిచినవారి ప్రక్కన నివసించుచు, మనము మూరెడు గట్టు కొరకు తోడబుట్టినవానిని విడుచుట తగునా?

మూడు మాటలు జ్ఞాపకముంచుకొందము. మొదటిది, పోకముందు కాళ్లు ఊనుడి. అనగా మోకాళ్లూని ప్రార్థించుడి. ప్రార్థింపక సమాధానమునకు పోవువాడు బండను కదల్చడు, తానే కోపమునకు కదలిపోవును. రెండవది, మీ దిక్కునుండియే గీకకుడి. మీ న్యాయమును ఎంత గట్టిగా చెప్పినను అది బండ ముఖముమీద జారిపోవును. ఎదుటివాని నొప్పి ఏ ప్రక్క ఉన్నదో అక్కడికి పోయి వినుడి, అక్కడ మొరముండును. మూడవది, రాతిని మెత్తబరచునది మనము కాము. రాతి గుండె తీసివేసి మాంసపు గుండె ఇచ్చుట దేవుని పనియని యెహెజ్కేలు గ్రంథము 36వ అధ్యాయములో చదువుదుము. మనకంటె ముందుగా ఆయన ఆత్మ నీటివలె అక్కడ పని చేయుచున్నాడు.

అన్ని బండలును గుండ్లు కావు. కొన్ని పరుపు బండలు, ఏ ప్రక్కనుండి త్రవ్వినను లేవవు. ఇస్సాకు త్రవ్విన రెండు బావులకు పోట్లాట వచ్చెను. అతడు వాటిని విడిచి మూడవది త్రవ్వెను. మీరు పోయి అడిగిన తరువాతను ఎదుటివాడు ఒప్పుకొననియెడల మీరు దోషులు కారు. అయితే పోకుండనే అది పరుపు బండయని చెప్పకుడి.

ఆ అన్నదమ్ములు ఒక్క దినములో పూర్వమువలె ఆయిరని చెప్పము. ఇప్పటికిని అవసరమైనంతే మాటాడుకొందురు. అయితే పైపు అన్న పొలములోనుండియే పోవుచున్నది. ఆ తరువాతి ఆదివారము అన్న గుడి గుమ్మమునొద్ద నిలిచియుండెను. లోపలికి రమ్మనగా, “తమ్ముడు రానీయుండ్రి” అనెను. ఆ దినము మేము రొట్టె విరిచినప్పుడు మా చేతులు వణకెను.

ప్రార్థన: తండ్రీ, మా హృదయముల పలుచని మన్ను క్రింద ఉన్న బండ నీకు తెలియును. మేము పోవలసిన ఇంటికి మమ్మును నడిపించుము. నీ కాపరులు మెత్తని చోటనే త్రవ్వకుండునట్లు వారికి ధైర్యమిమ్ము. మేము పోకముందే అక్కడ నీవు పని చేయుచున్నావను నమ్మకము మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.