పాత ట్రాక్టరుని ఏ రోజుకి తీసుకెళ్ళాలి?

"బాగు చేయించాం" అనే మాట మనం రోజూ వాడతాం. సైకిలు బాగు చేయించాం, బోరు మోటారు బాగు చేయించాం అంటాం. అది మళ్ళీ పని చేస్తోందని దాని అర్థం. అదే ఒక వస్తువు నలభై ఏళ్ళు దాటిందైతే, "ముందు ఎలా ఉండేదో అచ్చం అలాగే చేయాలి" అని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడితే, ఆ మాట అంత తేలిక కాదు. ముందు అంటే ఎప్పుడు? ఈ ప్రశ్న మా ఇంట్లో ఒక వేసవి సెలవులన్నీ నడిచింది. దానికి కారణం మా తాతయ్య 1978లో కొన్న హెచ్‌.ఎం.టి. 2511 ట్రాక్టరు.

మన పత్రిక చదివేవాళ్ళకి క్యాంపుల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తుంగభద్ర కాలువ కింద దమ్ము చేసి నాట్లు వేసుకున్న ఇళ్ళన్నిటి కథా ఒకటే. ముందు ఎడ్లు, తర్వాత ట్రాక్టరు. హెచ్‌.ఎం.టి. అంటే చాలామందికి గడియారమే గుర్తొస్తుంది. అదే ప్రభుత్వ కంపెనీ 1971 నుంచి హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్లు కూడా చేసింది. పరిజ్ఞానం చెకొస్లవేకియాలోని జెటార్ కంపెనీది. 2511కి రెండే సిలిండర్లు, 25 హార్స్ పవర్. ఇప్పటి ట్రాక్టర్ల పక్కన నిలబెడితే చిన్నపిల్లలా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. అంటే మా బండిని తయారుచేసినవాళ్ళు ఇప్పుడు లేరు. దాని మంచిచెడ్డలు చూడాల్సింది అది ఎవరి పాకలో ఉందో వాళ్ళే.

తాతయ్య పోయాక ఎనిమిదేళ్ళు అది పాకలోనే ఉంది. తుక్కు కొనేవాడు రెండుసార్లు వచ్చి కిలో లెక్కన అడిగాడు. హైవే మీద హోటలు కట్టిన ఒకాయన, దానికి రంగు వేసి గేటు ముందు దిమ్మె మీద పెడతాను, ఇవ్వమన్నాడు. హోటలాయనది చెడ్డ ఉద్దేశం అని నేను అనను. తుక్కులో కరిగిపోవడం కన్నా అది నయమే. కాకపోతే నూనె లేని ఇంజనుతో ఎండలో నిలబడితే అది ట్రాక్టరు బొమ్మ అవుతుంది. నాన్న ఇద్దరికీ ఇవ్వనన్నారు.

పని మొదలైంది. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ఇలాంటప్పుడు చాలామంది ఇంకో ట్రాక్టరుకి గొలుసు కట్టి, గేరులో వేసి లాగేస్తారట. అలా చేస్తే తుప్పుకి అంటుకున్న రింగులు విరిగి లైనరు గీసుకుపోతుందని మెకానిక్కు ఒప్పుకోలేదు. ఇంజక్టర్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి నాలుగు రోజులు అలాగే వదిలేశారు. అయిదో రోజు ఫ్లైవీల్ పళ్ళకి గడ్డపార ఆనించి కొంచెం ఇటు, కొంచెం అటు కదిపారు. వేలెడు కదిలింది. ఆ వేలెడు కోసం ముగ్గురు మనుషులు పొద్దుటి నుంచి ఉన్నారు. తర్వాత అంతా విప్పి రింగులు, హెడ్ గాస్కెట్ మార్చారు, నాజిళ్ళు పట్నంలో చెక్ చేయించారు. డీజిల్ ట్యాంకులో తుప్పు పోవడానికి గులకరాళ్ళు, కిరసనాయిలు వేసి నేనూ మా తమ్ముడూ ఊపాం. చేతులు పడిపోయాయి కాని లోపల తెల్లగా వచ్చింది. పార్టుల కోసం పాత ఇనుము దుకాణాలు తిరిగారు. జెటార్ వాళ్ళు ఆ రోజుల్లో రెండు, మూడు, నాలుగు సిలిండర్ల బళ్ళకి వీలైనన్ని పార్టులు ఒకే రకంగా ఉండేలా తయారుచేశారు కాబట్టి, వేరే మోడలు పార్టు కూడా కొన్నిచోట్ల సరిపోయింది.

ఇక్కడే మా తెలుగు మాస్టారు తరగతిలో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. గ్రీసు దేశంలో థీసియస్ అనే వీరుడి ఓడని ఏథెన్సు వాళ్ళు దాచుకున్నారట. చెక్క పుచ్చిపోయినప్పుడల్లా కొత్త చెక్క వేస్తూ పోతే, చివరికి అది ఆ ఓడేనా కాదా అని పండితులు వాదించుకునేవారని ప్లూటార్క్ రాశాడు. అంతకన్నా మనకి దగ్గరది పాళీ భాషలోని మిలింద పన్హ. అందులో నాగసేనుడనే బౌద్ధ భిక్షువు మిలింద రాజుని, నువ్వు రథమెక్కి వచ్చానన్నావు కదా, మరి ఇరుసు రథమా, చక్రాలు రథమా అని అడుగుతాడు. ఏ ఒక్కటీ కాదు. అవన్నీ కూడినప్పుడు మనం పిలిచే పేరు రథం.

నాగసేనుడి జవాబు నాకు బాగానే ఉంది. ట్రాక్టరు విప్పి పడేసినప్పుడు అది కళ్ళారా చూశాను. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఫ్రేము కూడా లేదు. ఇంజను, గేరు బాక్సు, వెనక ఇరుసు పెట్టె వరసగా బోల్టులతో బిగిస్తే అవే వెన్నెముక. విప్పితే ఇక మిగిలేదేమీ లేదు. ఆర్‌.టి.ఓ. ఆఫీసు వాళ్ళ లెక్క ఇంకా తేలిక: ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు. ఇంజను మారిస్తే ఆర్‌.సి. పుస్తకంలో రాయించుకోవాలి, అంతే.

కాని మా ఇంట్లో "ఇది అదేనా" అని ఎవరూ అడగలేదు. అదే అని అందరికీ తెలుసు. గొడవంతా అది ఏ రోజుదిగా ఉండాలన్నదే.

నాన్న కోరిక 1978. షోరూము నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా. తర్వాత తగిలించినవన్నీ తీసెయ్యాలి. నాయనమ్మకి ఆ ట్రాక్టరు తెలియదు. ఆవిడకి తెలిసిన ట్రాక్టరుకి మడ్‌గార్డు మీద వెల్డింగు చేయించిన ఇనుప సీటు ఉంటుంది. నాన్న పుట్టేటప్పుడు నొప్పులొస్తే ఆ సీటు మీదే కూర్చుని కాలువ గట్టున ఆస్పత్రికి వెళ్ళింది. ఆ సీటు తీసేస్తే అది మీ తాతయ్య బండి ఎలా అవుతుందిరా అంటుంది. ఇద్దరి మాటా నిజమే. నిజం చెప్పాలంటే మన భాష సంగతి కూడా ఇలాగే ఉంది. భీమవరంలో చుట్టాలు మా మాట విని నవ్వుతారు. నాయనమ్మ మాటల్లో కొన్ని వాళ్ళు ఎప్పుడో మర్చిపోయినవి, మేమేమో "కరెంటు హోయ్తు" అనేస్తాం. దీన్ని ఏ సంవత్సరం తెలుగుకి బాగు చేయాలి?

మూడోది మా చిన్నతాతయ్య మాట. దాన్ని వేరుగా చెప్పాలి.

చిన్నతాతయ్య కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ట్రాక్టరు వెనక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు నూర్పిడి మిషనుని తిప్పుతుంది. దాని మామూలు వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి తొమ్మిది. కండువా కొస అందులో పడితే "అయ్యో" అనేలోపు తొమ్మిది చుట్లు చుట్టుకుంటుంది. ఆయన కండువా లాక్కోబోయారు, చెయ్యి వెళ్ళింది. ఈ సంగతి మేం చిన్నప్పటి నుంచి వింటున్నదే. వినని సంగతి ఒకటి ఆ సెలవుల్లో బయటికి వచ్చింది. బండి వచ్చినప్పుడు షాఫ్టు మీద రేకు కవరు ఉండేదట. గ్రీజు పెట్టడానికి అడ్డొస్తోందని మొదటి పంటలోనే విప్పి పాకలో పడేశారట. "విప్పింది నేనే" అన్నారు చిన్నతాతయ్య, టీ తాగుతూ.

అంటే, మేం "మొదటి నుంచీ ఇలాగే ఉంది" అనుకున్నది మొదటిది కాదు. కవరు లేని షాఫ్టే మా బండి అసలు రూపం అని నలభై ఏళ్ళు అనుకున్నాం. నాన్న కోరినట్టు 1978కి తీసుకెళ్తే కవరు కూడా రావాలి. అది ఒప్పుకోవడానికి నాన్నకి ఇబ్బంది లేదు. మరి బోల్తాపడితే కాపాడే ఇనుప చట్రం సంగతేమిటి? అది 1978లోనూ లేదు. స్వీడన్ దేశంలో కొత్త ట్రాక్టర్లన్నిటికీ అలాంటి చట్రం ఉండాలని 1959లోనే చట్టం తెచ్చారు, తర్వాత పాతవాటికీ పెట్టించారు. అక్కడ బోల్తా చావులు బాగా తగ్గిపోయాయి. మనకి కాలువ గట్లు ఉన్నాయి, వానాకాలం జారుడు ఉంది, దమ్ములో ముందు చక్రాలు పైకి లేస్తాయి. చట్రం పెడితే పాత అందం పోతుందన్నారు నాన్న.

నేను ఇక్కడ నాన్నతో ఏకీభవించను. పాత వస్తువు మీద గౌరవం అంటే అది తయారైన రోజున మనుషులకి తెలియనిదాన్ని కూడా అలాగే ఉంచడమా? ఆ రోజు తెలియక పెట్టలేదు, ఈ రోజు తెలిసీ పెట్టకపోతే రెండూ ఒకటే ఎలా అవుతాయి? ఆయుధ పూజ రోజున ట్రాక్టరుకి కుంకుమ బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, ఎవరికీ ఏమీ కాకూడదని దణ్ణం పెట్టుకునేది మనమే. ఎదురువాదన లేకపోలేదు. అన్నీ ఇలా మారుస్తూ పోతే పాతకాలం ఎలా ఉండేదో మా తర్వాతవాళ్ళకి చూపించేదేముంటుంది అని అడగొచ్చు. మ్యూజియంలో తోలకుండా ఉంచే బండికి ఆ మాట చెల్లుతుంది. అక్కడ కండువా ఎవరిదీ చిక్కుకోదు. మాది పొలానికి వెళ్ళే బండి.

రంగు విషయంలో కూడా మెకానిక్కు ఒక మాట అన్నారు. ముందు ఇరుసు పట్టే దిమ్మె దగ్గర పాత బీట ఒకటి ఉంటే వెల్డింగు చేశారు. నాన్న దాని మీద పుట్టీ పెట్టి నున్నగా చేసి రంగు వేయమన్నారు. ఆయన కన్నడంలో చెప్పింది ఇంచుమించు ఇది: రంగు వేస్తాను, పుట్టీ పెట్టను. బీట మళ్ళీ విచ్చుకుంటే రోజూ తోలేవాడికి కనబడాలి. సంతలో అమ్మేవాళ్ళు పుట్టీ ఎందుకు పెడతారో అందరికీ తెలుసు. ఇంట్లో వాడుకునేదాంట్లో కూడా పుట్టీ పెడితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు కదా అని నాకు అనిపించింది. ఆ వెల్డింగు ఇప్పుడూ ముడతలు ముడతలుగా కనిపిస్తుంది. చూసినవాళ్ళలో కొందరు పని సరిగ్గా చేయలేదంటారు.

చివరికి కవరు మళ్ళీ వచ్చింది. పాతది తుప్పు పట్టి చేతికి పిండిలా రాలింది కాబట్టి కొత్త రేకుతో చేయించారు. ఈసారి గ్రీజు గన్ను దూరేంత రంధ్రం పెట్టించారు, మళ్ళీ ఎవరూ విప్పకుండా. ఆ కొలత చెప్పింది చిన్నతాతయ్యే. చట్రం పంట డబ్బులొచ్చాక చూద్దామన్నారు నాన్న. వద్దని మాత్రం అనలేదు. నాట్ల ముందు రెండెకరాలు దమ్ము చేసింది, పొగ కొంచెం నలుపు, నాజిల్ ఇంకోసారి చూడాలి.

మడ్‌గార్డు సీటు దగ్గరే ఏమీ తేలలేదు. అక్కడ మనిషిని కూర్చోబెట్టడం ప్రమాదమని నాయనమ్మకి తెలుసు, ఇక ఎవరూ కూర్చోరని కూడా ఆవిడే అంటుంది. అయినా ఉండాలంటుంది. ఎవరూ కూర్చోకూడని సీటుని బిగించడం సరైనదేనా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక్కోసారి నాన్న వైపు, ఒక్కోసారి నాయనమ్మ వైపు వెళ్తున్నాను. ప్రస్తుతానికి అది పాకలో గోడకి ఆనించి ఉంది, రంగు వేయలేదు.